మెయిన్ స్విచ్చు మీద నా చెయ్యి

తడిసిన గోనెసంచి ఎండకు ఆరేటప్పుడు ఒక వాసన వస్తుంది. జనుము, మట్టి, కాస్త మసి కలిసిన వాసన. నేను ఇప్పుడు పనిచేసే కర్మాగారం పెనుకొండ దగ్గర ఉంది. నెలకొకసారి అక్కడి ఖాళీ స్థలంలో కార్మికులకు మంటలార్పే శిక్షణ ఇస్తాం. ఇనుప తొట్టిలో మంట పెట్టి, తడి గోనెసంచిని రెండు చేతులతో మనకు అడ్డంగా పట్టుకుని దాని మీద ఎలా కప్పాలో ఒక్కొక్కరితో చేయిస్తాం. అయిపోయాక ఆ సంచులను కంచె మీద ఆరేస్తారు. మధ్యాహ్నం క్యాంటీనుకు పోతూ ఆ కంచె పక్కన నడిచినప్పుడల్లా నా అడుగు నెమ్మదిస్తుంది. ఓబులేసు సార్ గుర్తొస్తారు.

ఆయన ధర్మవరం అగ్నిమాపక కేంద్రంలో లీడింగ్ ఫైర్‌మన్‌గా పనిచేసేవారు. స్వస్థలం ఆమడగూరు వైపు ఒక పల్లె. గొర్రెలు కాసే కుటుంబం నుంచి వచ్చారు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. ఎడమ చెవి సరిగా వినిపించదు కాబట్టి ఎవరైనా మాట్లాడితే కుడివైపుకు కొంచెం వంగి వినేవారు. చూసేవాళ్లకు అది మర్యాదలా కనిపించేది. ఏ ఇంటికి పోయినా, కుర్చీ వేసినా వెయ్యకపోయినా, ముందు నేల మీద కూర్చునేవారు. యూనిఫాం మాసిపోతుందని నేను ఒకసారి అంటే, "మాసేదానికే గదప్పా ఖాకీ ఇచ్చినారు" అన్నారు.

నా గురించి కూడా కొంత చెప్పాలి. లేకపోతే ఆయన నాకు ఏం చేశారో అర్థం కాదు. నేను హిందూపురంలో పుట్టి పెరిగాను. అక్కడే పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. చిన్నప్పటి నుంచి నాకు జాబితాలు రాయడం అలవాటు. ప్రయాణానికి ఒక జాబితా, పరీక్షకు ఒకటి, స్నేహితుడి పెళ్లికి పోవాలంటే ఒకటి. రాసినదాని పక్కన టిక్కు పెడితే ఆ పని లోకంలో కూడా పూర్తయిపోయినట్టే అనిపించేది. చదువు అయ్యాక ఒక చిన్న విడిభాగాల కంపెనీలో భద్రతా విభాగంలో చేరాను. ఆ కంపెనీ సమాజసేవ కింద ధర్మవరం చేనేత వీధుల్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటి భద్రత గురించి చెప్పే పని ఒకటి ఒప్పుకుంది. అగ్నిమాపక కేంద్రం తరఫున ఓబులేసు సార్, కంపెనీ తరఫున నేను. ఐదు నెలలు ఇద్దరం కలిసి తిరిగాం.

మొదటి రోజు నేను ముప్ఫై ఒక్క అంశాల జాబితాతో కేంద్రానికి పోయాను. రంగుల్లో అచ్చు వేయించి, నీళ్లు పడినా పాడవకుండా లామినేషన్ కూడా చేయించాను. ఆయన ఇంజిను పక్కన నేల మీద కూర్చుని హోస్ పైపులను కలిపే కప్లింగులు తుడుస్తున్నారు. చేతులు గుడ్డకు తుడుచుకుని, కాగితం అందుకుని, మొదటి అంశం నుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదివారు. అంత ఓపిగ్గా దాన్ని చదివిన మనిషి ఆయన ఒక్కరే.

"బాగుండాదప్పా. దీన్ని యాడ తగిలించాల?"

"వంటింట్లో సార్. పొయ్యి పక్కన గోడకి."

"మంట యాడొస్తుంది?"

"ఎక్కువగా వంటింట్లోనే సార్."

"అంటే వంటిల్లు కాలుతాంటే, ఏం చెయ్యాల్నో సదువుకునేదానికి మళ్లా వంటింట్లోకే పోవాల. అంతేనా?"

వెనక పైపు చుడుతున్న ఫైర్‌మన్ ఒకాయన అందుకున్నాడు. "అన్నా, మంటకీ సదువొచ్చుంటే బాగుండు. అదే సదువుకోని ఆరిపోతుండె."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఓబులేసు సార్ మాత్రం నవ్వలేదు. కాగితాన్ని జాగ్రత్తగా నా చేతికే తిరిగి ఇచ్చారు. "ముప్ఫై ఒగటీ నిజమేలేప్పా. ఒగటీ తప్పు లేదు. కానీ గాబరాలో మనిషికి గుర్తొచ్చేది ఒగటే. ఆ ఒగటి ఇంటింటికీ వేరే. అదేందో కనుక్కుందాం, పా."

ఆయన కనుక్కునే పద్ధతి నాకు మొదట ఆటలా అనిపించింది. ఇంట్లోకి పోయి, కూర్చుని, మంచినీళ్లు తాగి, కొంచెంసేపు వానల గురించి మాట్లాడి, ఒక్క ప్రశ్న అడిగేవారు. మంటొస్తే నువ్వు దేనికోసం మళ్లీ లోపలికి పోతావు? అంతే. బుక్కపట్నంలో ఒక ముసలమ్మ ఇంటికి పోయిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆమె ఒక్కతే ఉంటుంది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏమవ్వా, ఇల్లంటుకుంటే బయటికి ఉరుకుతావు గదా. మళ్లా దేనికోసరం లోపలికి ఉరుకుతావు?"

"నేనేడ ఉరుకుతా నాయనా! ఈ మోకాళ్లు ఉరకనిస్తే గదా."

"సరే, నిమ్మళంగానే పోతావు. దేనికోసరం?"

ఆమె చేతిలో చింతపండు పక్కన పెట్టింది. తర్వాత నా వైపు చూసి, నేను వినకూడదన్నట్టు, ఆయన కుడి చెవికి దగ్గరగా వంగి ఏదో చెప్పింది. ఓబులేసు సార్ లేచి లోపలికి పోయి, పొయ్యి పైన ఉన్న గూట్లోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చారు. అందులో నీళ్లు, నీళ్లలో పళ్లసెట్టు.

"కొడుకు చేయించినాడు," అంది అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "తినేటప్పుడే పెట్టుకుంటా. అరిగిపోతాదని."

ఆయన ఆ గ్లాసును వాకిలి పక్కన గూట్లో పెట్టారు. "ఇంగ ఇదే దీని చోటు. సంగటి తినాలంటే ఈడికొచ్చి పెట్టుకో. మంటొస్తే పోతాపోతా తీసుకో. లోపల ఇంగ నీకేం పని లేదు."

"రెణ్ణెల్లు తిరిగి ఇదేనా మనం చేసే పని?" అని నేను మోటారుసైకిలు మీద తిరిగి వస్తూ అడిగాను. పళ్లసెట్టు నా ముప్ఫై ఒక్క అంశాల్లో ఎక్కడా లేదు. చెరువుకట్ట మీదికి రాగానే ఆయన బండి ఆపమన్నారు. కట్ట మీద కూర్చున్నాక చెప్పారు.

"మా పెదనాయన కొడుకొగడు ఉండె. గుడిసె అంటుకుంటే పెండ్లాం, పిల్లోల్లు, తను, అందరూ బయటికొచ్చినారు. బాగానే వచ్చినారు. గొర్రెపిల్లలు రెండు లోపలుండాయని మళ్లా పోయినాడు." నీళ్ల వైపు చూస్తూ ఆగారు. "ఆ పిల్లలు అప్పటికే ఇంటెనకాల మేస్తాండాయి. ఎవురో వదిలేసినారు. వానికి తెలీదు."

కట్ట మీది రాయి ఒకటి తీసి నీళ్లలోకి విసిరారు.

"బయటికొచ్చినోడు మళ్లా లోపలికి పోయినాడంటే, ఇంగ మా ఇంజినుతో ఏం పని లేదప్పా. అందుకే ముందే అడుగుతా. ఆ వస్తువు వాకిలి కాడ ఉండాదంటే మనిషి లోపలికి పోడు."

ఆ తర్వాత నేను కూడా నా నోటుబుక్కులో ప్రతి ఇంటి పేరు పక్కన ఒక గడి గీసి, ఆ ఇంటివాళ్లు చెప్పిన వస్తువు రాయడం మొదలుపెట్టాను. పాసుపుస్తకాలు, కోళ్లగంప, సెల్‌ఫోను ఛార్జరు, బైబిలు, చనిపోయిన కూతురి ఫోటో. దాదాపు అన్నీ వాకిలి దగ్గరికి జరపగలిగినవే. ధర్మవరంలో నాగరాజు ఇంటికి పోయేదాకా.

నాగరాజు నేతపనివాడు. నలభై ఏళ్లు ఉంటాయి. ఆయన, భార్య లక్ష్మీదేవి ఇద్దరూ మగ్గం మీదే బతుకుతున్నారు. ఇంట్లో వరుసగా రెండు గదులు. ముందు గదంతా మగ్గం. వెనక వంటిల్లు. వంటింటి నేల మగ్గం గది కంటే ఒక మెట్టు ఎత్తు. మగ్గం కింద నడుములోతు గుంత ఉంటుంది. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని కాళ్లు ఆ గుంతలోకి దించుతారు. పట్టు దారం పొడిగాలికి తెగిపోతుందని ఎండాకాలంలో కిటికీలు మూసే ఉంచుతారు. చీర అంచులో పువ్వులు తేవడానికి పైన జకార్డు పెట్టె ఉంటుంది. ఇదివరకు దాన్ని కాలితో తొక్కి ఎత్తేవాళ్లు. మోకాళ్లు అరిగిపోయేవి. ఇప్పుడు చిన్న మోటారు ఎత్తుతుంది. ఆ మోటారు స్విచ్చు గుంత అడుగున, కుడికాలి కింద ఉంటుంది.

ఓబులేసు సార్ తన ప్రశ్న అడిగారు. నాగరాజు మగ్గం వైపు చెయ్యి చూపించాడు.

"దీనికేన్నా. ఇంగేముండాది మాకు. మూడు చీరల పడుగు ఎక్కించినా. మొదటిది ఇంగా కాలా."

ఆయన లేచి, చెప్పులు విడిచి, నాగరాజు కూర్చునే చోట కూర్చుని, కాళ్లు గుంతలోకి దించారు. కాలితో స్విచ్చు తొక్కి చూశారు. పైన జకార్డు టక్కున లేచింది. చాలాసేపు ఆ దారాల వైపు చూస్తూ ఉండిపోయారు. వేల నిలువు పోగులు ఒక్కొక్కటీ ముడివేసి ఎక్కించిన పడుగు అది. దాన్ని కోసి తీసుకుపోవడం నేతవాళ్లకు ఊహకు కూడా రాదు.

"దీన్ని వాకిలి కాడికి తేలేము గదన్నా," అంది లక్ష్మీదేవి, ఆయన మనసులో మాట చదివినట్టు.

"లేదమ్మా. దీనికి నా కాడ మందు లేదు."

ఆయన నోట అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి. నేను మాత్రం నా ముప్ఫై ఒక్క అంశాలూ ఆ ఇంట్లో చదివి వినిపించాను. అన్నింటికీ తలలూపారు. సిలిండరు నిలబెట్టే వాడతారా? వాడతాం సార్. గొట్టం మార్చారా? మార్చినాం సార్. ముప్ఫై ఒక్క టిక్కులు పెట్టుకుని బయటికి వచ్చాను.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం పది గంటలకు నేను కేంద్రంలో ఉండగా ఫోను వచ్చింది. ఆ వీధి నుంచే. ఒక ఇంట్లో గ్యాసు కారుతోంది, వీధంతా వాసన, మంట ఇంకా లేదు. నాగరాజు పేరు చెప్పగానే నాకు ఆ మగ్గం గది కళ్లముందు కదిలింది. "నేనూ వస్తా సార్," అన్నాను. "రా. చెప్పింది చెయ్యి, చెప్పంది చెయ్యొద్దు," అన్నారు.

ఆ సందులోకి ఇంజిను దూరదు. మొదట్లోనే ఆపి పరుగెత్తాం. నాగరాజు, లక్ష్మీదేవి వీధిలో నిలబడి ఉన్నారు. ఓబులేసు సార్ నాకు ఒకే పని చెప్పారు. మీటరు ఇంటి బయట గోడకు ఉంది. మెయిన్ ఆఫ్ చేసి అక్కడే ఉండాలి. చేశాను. ఆయన లోపలికి పోయి రెగ్యులేటరు కట్టేసి, సిలిండరును భుజం మీద ఎత్తుకుని బయటికి వచ్చారు. మిగతా ఇద్దరు ఫైర్‌మన్లు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, చుట్టుపక్కల ఇళ్లలో పొయ్యిలు ఆర్పించడానికి పోయారు. సార్ సిలిండరును సందు చివర ఖాళీ స్థలంలో పెట్టడానికి పోయారు.

నేను కాసేపు మీటరు దగ్గరే నిలబడ్డాను. తర్వాత లోపలికి పోయాను. ఎందుకు పోయానో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు. నా తలలో జాబితా నడుస్తోంది. సిలిండరు బయట, టిక్కు. తలుపులు తెరిచి ఉన్నాయి, టిక్కు. కిటికీలు, టిక్కు. గది మధ్యలో నిటారుగా నిలబడి గట్టిగా గాలి పీల్చాను. వాసన లేదు. టిక్కు. బయటికి వచ్చి నాగరాజుతో, "ఇంక పోవచ్చు," అన్నాను.

ఆయన నా మాట పూర్తయ్యేలోపే లోపల ఉన్నాడు. ఇందాక బయటికి పరుగెత్తినప్పుడు దారాలు ఏమైనా తెగాయేమోనని ఆయన బెంగ. గట్టు మీద కూర్చుని కాళ్లు గుంతలో వేసిన చప్పుడు నాకు వినిపించింది. "సార్, కరెంటెయ్యి! ఈ వెలుతురు సాలదు, పోగులు కనపళ్లే!" అని కేక వేశాడు. నా జాబితాలో చివరి అంశం అదే. వాసన పూర్తిగా పోయాక విద్యుత్తు పునరుద్ధరించవలెను. మెయిన్ స్విచ్చు పిడి మీద చెయ్యి వేశాను.

"అప్పా. చెయ్యి తియ్యి."

గట్టిగా కూడా అనలేదు. నా వెనక, రెండడుగుల దూరంలో ఉన్నారు. ఆ గొంతులో కంగారు ఉండుంటే నా చెయ్యి అదిరి స్విచ్చు పైకి పోయేదేమో. చెయ్యి తీశాను. ఆయన నన్ను దాటి గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. "నాగరాజూ, కాలు కదపొద్దు. దేన్నీ తొక్కొద్దు. చేతులూని నిమ్మళంగా పైకి రా. అంతే. అట్లా."

నాగరాజు పైకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది, తల తిరుగుతోందన్నాడు. ఓబులేసు సార్ నా వైపు చూసి, "ఈడికి రా, పండుకోని గుంత కాడ వాసన సూడు," అన్నారు. నేను నేల మీద బోర్లా పడుకుని తలను గుంత అంచుకు తీసుకుపోయాను. ముక్కు మీద ఎవరో కొట్టినట్టయింది. వంటగ్యాసు గాలి కంటే బరువు. డిప్లొమా రెండో సంవత్సరంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న విషయం. వంటింటి మెట్టు దిగి, నేల మీద నీళ్లలా పాకి, మొత్తం ఆ గుంతలో నిండి ఉంది. కిటికీలు దానికి నాలుగడుగుల పైన ఉన్నాయి. నేను మెయిన్ వేసి ఉంటే, నాగరాజు కుడికాలు అలవాటుగా స్విచ్చు మీద పడి ఉంటే, ఆ స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

గ్యాసు ఇంకా అక్కడే ఉంది. మాకు నేర్పిన పద్ధతి నీళ్లను తుంపరగా కొట్టి చెదరగొట్టడం. ఫైర్‌మన్ ఒకాయన హోస్ తీసుకువస్తుంటే నాగరాజు చూశాడు. ఇంతసేపూ ఒళ్లు తూలుతూ నిలబడిన మనిషి మళ్లీ గడప వైపు దూకాడు. ఇద్దరు పట్టుకున్నా ఆగడం లేదు. "నీళ్లొద్దన్నా! పట్టుకు నీళ్లు తగిలితే మూడు చీరలూ పోతాయి. నేను ఆడనే కూచుంటా. నన్నేమన్నా కానీ!"

ఓబులేసు సార్ ఆయన భుజాల మీద చేతులు వేశారు. కుడి చెవి ఆయన వైపు తిప్పి, చెప్పిందంతా విన్నారు. తర్వాత అన్నారు. "సరే, నీళ్లు కొట్టం. కానీ నువ్వు లోపలికి పోవద్దు. నీ బదులు నేను కూచుంటా, ఈ గడప కాడ. నా కండ్లముందే ఉంటాది నీ మగ్గం. నేనుండంగా ఎవురూ దాని మీద ఒగ సుక్క పొయ్యరు. మాట."

నాగరాజు ఆయన ముఖం చూశాడు. వీధి చివరికి పోయి కూర్చున్నాడు.

మంట ఎక్కడా లేదు, కరెంటు లేదు, వీధి ఖాళీ. అవన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే ఆయన ఆ నిర్ణయం తీసుకున్నారు. గోనెసంచులు తడిపించారు. ఫైర్‌మన్లిద్దరూ వంతులు వేసుకుని, ఐదేసి నిమిషాలకు ఒకరు చొప్పున, వంగి, ఆ సంచులతో గుంతలోంచి గడప వైపు విసిరారు. గాలిని నీళ్లలా తోడి పోసినట్టు. సంచుల్లోంచి నీళ్లు కారకుండా ముందే గట్టిగా పిండించారు. ఓబులేసు సార్ గడప పక్కన నేల మీద కూర్చుని దాదాపు గంటసేపు లేవలేదు. మధ్యమధ్య వంగి నేల దగ్గర వాసన చూసేవారు. ఒకసారి వీధి చివరికి వినిపించేలా, "నాగరాజూ, ఎర్ర చీరకు పచ్చంచు ఎవురు సెప్పినారబ్బా, బాగుండాది!" అన్నారు. అక్కడి నుంచి లక్ష్మీదేవి, "నేనే సెప్పినాన్నా!" అంది. వీధి చివర నిలబడ్డవాళ్లు నవ్వారు. నాగరాజు కూడా నవ్వాడని తర్వాత చెప్పారు.

పడుగులో ఒక్క పోగు తెగలేదు.

ఆ సాయంత్రం కేంద్రంలో రిపోర్టు రాయడానికి కూర్చున్నాం. నా కంపెనీకి నేను రాయాలి. ఆయన ముందు కూర్చుని, కాగితం ముట్టుకోకుండా, "నేను మెయిన్ వెయ్యబోయినా సార్," అన్నాను.

"చూసినా గదప్పా."

"లోపలికి పొమ్మని కూడా నేనే చెప్పినా. అది రాయాల్నా?"

"రాయి. నీ పేరు పెట్టి రాయి."

తల దించుకున్నాను. ఉద్యోగం పోతుందనే భయం వేసింది. ఆయన కాగితం నా వైపు జరిపి, "నా పేరు కూడా రాయి," అన్నారు. "ఆ గుంతలో నేను కూచున్నా. ఆ స్విచ్చు నేను తొక్కినా. నా కాలికి తెలుసు అదేడుండాదో. మెట్టు చూసినా, వంటిల్లు చూసినా. అయినా ఆ పొద్దు నాకు తోచలా. మగ్గాన్ని వాకిలి కాడికి ఎట్లా తేవాల్నా అని ఆలోచన చేస్తా ఉండిపోయినా. స్విచ్చును పైకి తెచ్చుంటే సరిపోతుండె. అదీ రాయి, సరిగా రాయి."

రాశాను. ఉద్యోగం పోలేదు. మందలింపు కాగితం ఒకటి వచ్చింది. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తర్వాతి వారం ఆయన నన్ను ఆ వీధికే తీసుకుపోయారు. ఇరవై మంది దాకా పోగయ్యారు. ఈసారి జాబితా చదవొద్దన్నారు. "జరిగింది చెప్పు. నీ చెయ్యి యాడుండాదో చెప్పు." చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా. ఎవరో వెనక నుంచి, "అంటే మా నాగరాజుని లేపేస్తాంటివా సార్!" అన్నారు. నవ్వులు. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఆ నవ్వు ఆగాక లక్ష్మీదేవి లేచింది.

"నేనూ అపద్ధం చెప్పినా సార్. గ్యాసు అయిపోవస్తాంటే సిలిండరు పండబెట్టినా. అట్లా పెడితే ఇంగో పూట వస్తాదని. ఆ పొద్దు అట్ల పండబెట్టినాకే గొట్టం కాడ గ్యాసు కారింది. మీరు అడిగితే నిలబెట్టే వాడతాన్నామని తల ఊపినా."

ఆమె కూర్చునేలోపే పక్కింటి ఆమె, "మేమూ పండబెడతాం," అంది. ఇంకొకాయన సిలిండరు మీద వేడినీళ్లు పోస్తామన్నాడు. ఒక ముసలాయన గొట్టం చివర కాలిపోతే టేపు చుట్టి ఏడాదిగా వాడుతున్నానన్నాడు. ఇవన్నీ నేను అందరినీ ముందే అడిగినవే. అన్నింటికీ నా దగ్గర టిక్కులు ఉన్నాయి. అరగంటలో ఆ వీధి నాకు చెప్పినంత ఐదు నెలల్లో చెప్పలేదు. తిరిగి వస్తూ ఓబులేసు సార్, "నీ తప్పు నువ్వు చెప్పినావు, వాళ్లది వాళ్లు చెప్పినారు. పరీచ్చ పెట్టేవోని ముందర ఎవురు చెప్తారప్పా," అన్నారు. ఆ నెలాఖరుకు ఆ వీధిలో మోటారు స్విచ్చులన్నీ గుంతల్లోంచి మగ్గం కొయ్య మీదికి వచ్చాయి. నాగరాజే ఇంటింటికీ పోయి బిగించాడు.

ఆయన రిటైరై ఆమడగూరు వైపు పోయారు. అప్పుడప్పుడు ఫోను చేసేవాణ్ణి. "ఏమప్పా ఇంజినీరూ, ఎన్నాయ పాయింట్లు?" అని మొదలుపెట్టేవారు. రెండేళ్ల కిందట గుండెనొప్పితో పోయారు. నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పల్లెకు పోయి, వాళ్ల ఇంటివాళ్లతో కాసేపు కూర్చుని, సాయంత్రానికి హిందూపురం మా ఇంటికి చేరాను. ఇప్పుడు నేను ఏ శిక్షణ మొదలుపెట్టినా ముందు మెయిన్ స్విచ్చు మీద నా చెయ్యి గురించి చెబుతాను. కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు. తర్వాత ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. కానీ ఆ రోజు దాకా, ఇన్ని వందల మందికి చెప్పినవాణ్ణి, ఇంట్లో చెప్పలేదు.

ఎవరు పోయారని అమ్మ అడిగింది. మొత్తం చెప్పాను. ఆమె నేల మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. నేను చెప్పడం అయ్యాక కూడా చాలాసేపు ఏరుతూనే ఉంది. తర్వాత తల ఎత్తకుండా అంది.

"నేనూ ఒగటి చెప్పాలబ్బా. రెణ్ణెల్లాయ. మజ్జాన్నం పాలు పొయ్యి మీద పెట్టి నిద్రపోయినా. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిండాది. గ్యాసు వస్తానే ఉండాది. పాలామె తలుపు కొడితే లేచినా."

"నాకెందుకు చెప్పలేదు మా?"

"చెప్తే నువ్వు లిస్టు రాసి గోడకి అంటిస్తావని."

నా నాలుక చివరికి అప్పటికే నాలుగు అంశాలు వచ్చి ఉన్నాయి, వరుస సంఖ్యలతో సహా. మింగేశాను. కుర్చీలోంచి దిగి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఆ పొద్దు నువ్వు యాడ పండుకున్నావు?"

"ఈడనే." తను కూర్చున్న చోటు పక్కన, వంటింటి గడపకు రెండు జానల దూరంలో, అరచేత్తో బండను తట్టింది. "కింద. సల్లగుంటాదని రోజూ ఈడనే పండుకుంటా. మంచం మీద నిద్ర పట్టదు నాకు."

ఆ బండ మీద నేనూ చెయ్యి పెట్టాను. నిజంగానే చల్లగా ఉంది. "ఇంకేమేం చేస్తావు మా నేను లేనప్పుడు?" అని అడిగాను. ఆమె నా ముఖం వైపు ఒకసారి అనుమానంగా చూసింది. తర్వాత చేట పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. చాలా ఉన్నాయి. దీపాలు పెట్టే వేళ దాకా చెబుతూనే ఉంది. నేను కదలకుండా, కుడివైపుకు కొంచెం వంగి, విన్నాను.